మార్చి ఇరవై ఐదున మూసే గేటు

సెల్బీ దొరల బంగళా ఆష్‌కోంబ్ హాల్ చూడ్డానికి వచ్చినవాళ్ళు మొట్టమొదట అడిగేది దెయ్యాల గురించి. లేవని చెబితే ముఖం మాడ్చుకునేవాళ్ళు. పదహారేళ్ళపాటు శని, ఆదివారాల్లో ఆ ఇంటి చరిత్ర చెప్పింది నేనే. దెయ్యాలు తప్ప మిగతావన్నీ చెప్పాను. ఇప్పుడు ఇల్లు లేదు, అడిగేవాళ్ళూ లేరు. అందుకని ఆ రోజుల్లో చెప్పకుండా దాచినది చెబుతాను.

మొదటి సెల్బీ పేరు జొసాయా. నౌకాదళానికి ఉప్పులో ఊరేసిన మాంసం అమ్మి గడించాడు. అందులో సగం కుళ్ళిపోయిన సరుకేనని సేథ్ బాలర్డ్ అంటాడు. సేథ్ మా ఊళ్ళో కంచెలు అల్లేవాడు. వాడు సెల్బీల గురించి మంచి మాట అన్నది నేను వినలేదు. జొసాయా కొడుకు ఎడ్మండ్ ఇంటిని పెంచి కట్టించాడు. కొత్తగదిలో పెద్ద కిటికీ పెట్టించి, తెర తీయించి చూస్తే ఎదురుగా ఊరు. పొగగొట్టాలు, ఆరేసిన లోదుస్తులు, పందులు. ఆయనకి అన్నం సహించలేదు. రెండేళ్ళలో నలభై ఇళ్ళూ పడగొట్టించి, గుట్ట అవతల కొత్త ఊరు కట్టించి, జనాన్ని అక్కడికి తరిమాడు. ఊరున్న చోట పచ్చిక, ఓక్ చెట్లు, జింకలు వచ్చాయి.

చర్చిని మాత్రం కదిలించలేకపోయాడు. చుట్టూ సమాధులున్నాయి. బతికున్నవాళ్ళని లేవగొట్టడం తేలికే గానీ చచ్చినవాళ్ళు లేస్తారా? అందుకని మా చర్చి ఈనాటికీ పార్కు మధ్యలో ఒంటరిగా ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు దేవుడి దగ్గరికి వెళ్ళాలన్నా, తమ వాళ్ళ సమాధుల మీద పూలు పెట్టాలన్నా దొరగారి పచ్చిక మీదుగా నడవాల్సిందే. అలా అయితే పావుగంట. రోడ్డు మీద చుట్టు తిరిగి, హాలు ముందునుంచి వెళ్తే మూడున్నర మైళ్ళు.

నడవనిచ్చారు, కాదనను. కానీ మా దేశంలో ఒక పద్ధతుంది. ఇరవై ఏళ్ళు అడ్డూ ఆపూ లేకుండా జనం నడిస్తే ఆ దారి జనానిదే. ఏడాదికి ఒక్క రోజు తాళం వేస్తే చాలు, ఎన్నేళ్ళు నడిచినా అది దొరగారి దయ కిందే లెక్క. ఎడ్మండ్ కొడుక్కి ఈ కిటుకు ఎవరో వకీలు చెప్పాడు. ఆయన మార్చి ఇరవై ఐదు ఖాయం చేశాడు. అది ఆదివారం పడితే సోమవారానికి జరిపేవాళ్ళు, దేవుడితో గొడవెందుకని.

తాళం వేసేది మేము, టకెట్లం. పార్కు గేటు పక్కన రెండు గదుల రాతి ఇల్లు మాది. మా ముత్తాతలు, తాత, నాన్న, తర్వాత నేను. తెల్లారగానే గేటు రెండు రెక్కలకీ గొలుసు చుట్టి తాళం బిగించాలి. సాయంత్రం తీసి, గేటు పుస్తకంలో తారీకు రాసి, ‘వేశాను’ అని సంతకం పెట్టాలి. ఆ పుస్తకాన్ని తర్వాత హాల్లో అద్దాల పెట్టెలో పెట్టారు. ‘రెండు వందల ఏళ్ళు, ఒక్క సంవత్సరం కూడా తప్పలేదు’ అని నేనే గొప్పగా చూపించేదాన్ని.

ఇంకో కట్టడి కూడా ఉండేది. శవపేటిక ఆ దారిన పోకూడదు. శవం వెళ్ళిన దారి ఊరిదైపోతుందని మా వైపు పాత నమ్మకం. చట్టంలో అలాంటిదేమీ లేదట, కానీ సెల్బీలు భయపడ్డారు. పెళ్ళిళ్ళు, బారసాలలు గేటులోంచి వెళ్ళేవి. చావు మాత్రం రోడ్డు చుట్టూ తిరిగి వెళ్ళేది. అడ్డంగా నిలబడి తిప్పి పంపడం మా నాన్న ఏమోస్ పని. తన సొంత చెల్లెలి పేటికనే తిప్పి పంపాడు. ఆ తర్వాత మా బాబాయిలు ఆయనతో ఏడేళ్ళు మాట్లాడలేదు.

పంతొమ్మిది వందల యాభై ఫిబ్రవరిలో నాన్న పోయాడు. గేటుకి ఆరడుగుల దూరంలో ఉన్న మంచం మీద పోయాడు. కిటికీలోంచి చూస్తే చర్చి గోపురం కనిపిస్తోంది. అప్పటి యజమాని హ్యూ దొరగారి దగ్గరికి వెళ్ళి అడిగాను. “నలభై ఒక్క ఏళ్ళు మీ గేటు కాశాడు. ఈ ఒక్కసారి గేటులోంచి పోనివ్వండి.”

ఆయన చెడ్డవాడు కాదు. “విన్నీ, ఇప్పుడు మీ నాన్నే బతికుంటే ఒప్పుకునేవాడా?” అన్నాడు.

ఒప్పుకునేవాడు కాదు. అందుకే మోసేవాళ్ళని పిలవడానికి వెళ్ళాను.

మంచూ వానా కలిసి కురుస్తున్నాయి. నలుగురు మోశారు, మార్చుకోడానికి నలుగురు. మూడున్నర మైళ్ళు. హాలు ముందు మలుపు దగ్గర ఒకాయన జారితే పేటిక ఒక మూల నేలకి తగిలింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. గేటు తాళంచెవి నా కోటు జేబులోనే ఉంది. నడిచినంతసేపూ అది నా తొడకి తగులుతూనే ఉంది.

నెల తిరక్కుండా మార్చి ఇరవై ఐదు వచ్చింది. గొలుసు చుట్టాను. తాళం తగిలించాను. బిగించడానికి చెయ్యి రాలేదు. తాళం కొక్కెం నొక్కకుండా అలాగే వదిలేసి లోపలికి వచ్చి టీ పెట్టుకున్నాను. దూరంనుంచి చూస్తే వేసినట్టే ఉంది. సాయంత్రం పుస్తకంలో ‘వేశాను’ అని రాసి సంతకం పెట్టాను. రాయకపోతే ఇల్లు పోతుంది. నాకు అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళు, వెళ్ళడానికి వేరే చోటు లేదు.

మరుసటి ఏడు అదే చేశాను. ఆ మరుసటేడూ అదే. చేసిన పని కళ్ళపడకుండా ఆ రోజంతా కిటికీకి తెర వేసే ఉంచేదాన్ని. ఎవరూ కనిపెట్టలేదనుకున్నాను. ఆ రోజు గేటు మూస్తారని ఊరందరికీ పుట్టుకతో తెలుసు. మూసి ఉందని తెలిసిన గేటుని తోసి చూసేదెవరు? మా జనం అంతే. తోట బయట ‘లోపలికి రావద్దు’ అని బల్ల పెడితే, తోట అమ్ముడైపోయి బల్ల కుళ్ళి పడిపోయినా ఆ పక్కకే పోరు.

సేథ్ మాత్రం ప్రతి ఏడూ ముందురోజు సాయంత్రం మా ఇంటి ముందు ఆగి టోపీ తీసేవాడు.

“ఏం తాళాలమ్మా, రేపేగా మీ దొరల పండగ? నూనె రాశావా తాళానికి?”

“లేదు, నీ నాలిక్కి రాయడానికి దాచి ఉంచాను.”

“మా ముత్తాతలు కట్టుకున్న ఇంటి మీద జింకలు మేస్తున్నాయి. మా తాతని చూసొస్తానంటే నీ తాళం అడ్డం. పైగా నాకే నోరెక్కువంటావు.”

“ఏడాదికి మూడు వందల అరవై నాలుగు రోజులు చూడు. ఒక్క రోజు చూడకపోతే లేచెళ్ళిపోతాడా మీ తాత?”

వాడు నవ్వుకుంటూ పోయేవాడు. నేను గెలిచాననుకునేదాన్ని.

హ్యూ దొరగారు యాభై ఎనిమిదిలో పోయారు. ఆ ఏడే గేటు కాపలాకి తోడు ఇల్లు చూపించే పని కూడా నా మీద పడింది. దొరగారి ఒక్కగానొక్క కొడుకు యుద్ధంలోనే పోయాడు. ఆస్తి తమ్ముడి కొడుకు జైల్స్‌కి వచ్చింది. దొరగారి భార్య మార్జరీ దొరసానమ్మ అదే ఇంట్లో మూడు గదుల్లో ఉండిపోయింది. జైల్స్‌ని నేను చిన్నప్పటినుంచి ఎరుగుదును. సెలవులకి వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే రొట్టె తినేవాడు, నన్ను టకీ అని పిలిచేవాడు. ఇంటిని నిలబెట్టాలని నిజంగా తాపత్రయపడ్డాడు. కప్పు కారుతోంది. పడమటి గదుల్లో పుట్టగొడుగులు మొలిచాయి. డెబ్బై నాలుగులో ఒక కంపెనీ వచ్చింది, ఇంటిని బాగుచేసి విశ్రాంతి భవనం చేస్తామంది. కాకపోతే ఒక షరతు. పార్కులో బయటి జనం నడవకూడదు.

జైల్స్ దారి మూసేస్తానన్నాడు. ఆదివారం ప్రార్థనకి బస్సు పెడతానన్నాడు. ఊరు భగ్గుమంది. అర్జీలు పెట్టారు. విచారణకి లండన్ నుంచి ఒక అధికారి వస్తాడని కబురొచ్చింది.

ముందురోజు జైల్స్ మా ఇంటికి వచ్చాడు. “భయపడేదేం లేదు టకీ. వాళ్ళు పుస్తకం చూపిస్తారు, నీ సంతకాలేనా అంటారు. అవును అను. అంతే.”

“దారి మూస్తే సేథ్ లాంటి ముసలాళ్ళు ఎలా నడుస్తారు బాబూ?”

“మూయకపోతే ఇల్లు ఉండదు. పెద్దమ్మని ఎక్కడ ఉంచను?” వాడి కళ్ళ కింద నల్లగా ఉంది. “రెండు వందల అరవై ఏళ్ళు టకీ. నా చేతిలో కూలిపోవాలా?”

ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. ఆ ఇంటి ప్రతి మెట్టూ నాకు తెలుసు. ఏ బొమ్మ వెనక గోడ పగిలిందో తెలుసు. కన్నబిడ్డలు లేనిదాన్ని, ఆ ఇంటినే ప్రేమించాను. ‘అవును’ అనే ఒక్క మాటతో అది నిలబడుతుంది. నాన్న పోయి అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. ఆయన ఏ దారిన వెళ్ళాడన్నది ఇక ఆయనకి పట్టదు. అవునని చెప్పాలనే తీర్మానించుకున్నాను.

విచారణ ఊరి హాల్లో జరిగింది. జనం నిండిపోయారు. దొరసానమ్మ ముందు వరసలో నిటారుగా కూర్చుంది. జైల్స్ తరఫు వకీలు పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు.

“ఇవి మీ సంతకాలేనా?”

“నావే.”

“పంతొమ్మిది వందల యాభై నుంచి ప్రతి మార్చిలోనూ మీరు గేటుకి తాళం వేశారు. అంతేనా?”

యాభై నాటి సంతకంలో సిరా అలుక్కుపోయి ఉంది. దాని పై వరసలో నాన్న చివరి సంతకం ఉంది. ఆయన ఎన్ని తప్పులు చేసినా వెయ్యని తాళాన్ని వేశానని రాయలేదు.

“రాశాను. వెయ్యలేదు” అన్నాను.

అధికారి కళ్ళజోడు తీసి, మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను, గొలుసు, కొక్కెం, అంతా. జైల్స్ తల దించుకున్నాడు. వకీలు మాత్రం తొణకలేదు, వాడికి అదే పని.

“సరే. కానీ ఆ రోజున ఎవరైనా లోపలికి నడిచారా? తాళం ఉందనుకుని అందరూ ఆగిపోయుంటే, ఉన్నా లేకపోయినా ఒక్కటే కదా.”

ఎవరూ రాలేదనే నేనూ అనుకున్నాను. ఊరికే నా ఇల్లు, దొరగారి ఇల్లు రెండూ నూతిలో వేశాననిపించింది.

వెనక బల్ల కిర్రుమంది. సేథ్ లేచాడు. అప్పటికి డెబ్బై రెండేళ్ళు వాడికి.

“నేను నడిచాను.”

“ఎప్పుడు?”

“ప్రతి ఏడూ. మా నాన్న ఆ రోజున గేటు ఊపి తిట్టి వచ్చేవాడు, మాకదో ఆనవాయితీ. యాభైలో నేనూ ఊపుదామని వెళ్ళాను. తాళం చేతిలోకి ఊడొచ్చింది. లోపలికెళ్ళి, తాతకి దండం పెట్టుకుని, వచ్చేటప్పుడు మళ్ళీ అలాగే తగిలించాను.”

“ఎవరికీ చెప్పలేదా?”

“చెబితే ఆ పిల్ల ఇల్లు పోతుందిగా” అన్నాడు సేథ్. నాకు అప్పుడు యాభై మూడేళ్ళు. ఇరవై నాలుగేళ్ళు ‘తాళాలమ్మా’ అని వేళాకోళం చేసినవాడు అన్నీ తెలిసే చేశాడన్నమాట. తలెత్తి వాడి ముఖం చూడలేకపోయాను.

వకీలు నవ్వాడు. సెల్బీలంటే ఇతనికి పడదని ఊరంతా ఎరుగును, ఇతని మాటకి సాక్ష్యం ఏముంది అన్నాడు. అధికారి హాలంతా కలియజూశాడు. ఎవరూ లేవలేదు. చూసినవాళ్ళు ఎవరూ లేరు మరి.

“గోధుమరంగు టోపీ పెట్టుకుని వచ్చేవాడు.”

దొరసానమ్మ లేవలేదు, గొంతు పెంచలేదు. కూర్చున్నచోటినుంచే అంది. “నా గది కిటికీలోంచి దారి కనిపిస్తుంది. పదింటికి వెళ్ళేవాడు, పదకొండులోపు తిరిగొచ్చేవాడు. ప్రతి మార్చిలోనూ చూశాను. ఒక ఏడు కుంటుతున్నాడు కూడా.”

“పెద్దమ్మా” అన్నాడు జైల్స్.

“చూసింది చూడలేదని ఎలా చెప్పను నాయనా?”

దారి ఊరిదైంది. కంపెనీ వెనక్కి తగ్గింది. మరుసటేడు సీసపు కప్పు, మెట్లు, కుంపటి రాళ్ళు విడివిడిగా అమ్ముడుపోయాయి. మిగిలిన గోడల్ని మూడు వారాల్లో కూల్చారు. ఆ మూడు వారాలూ నేను తలుపులు బిడాయించుకుని కూర్చున్నాను. పార్కు ఒక రైతు కొన్నాడు. జైల్స్ వెళ్ళేముందు ఆ రాతి ఇల్లు నా పేరున రాసిచ్చాడు. రాసిచ్చాడు గానీ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. వాడి మీద నాకు కోపం లేదు. వాడి స్థానంలో నేనుంటే ఇల్లు కూడా ఇచ్చేదాన్ని కాదు.

దొరసానమ్మ ఊళ్ళో, దుకాణం పక్కన చిన్న ఇంట్లో దిగింది. ఆర్నెల్లు ఆ వీధిలోకి పోలేదు నేను. చివరికి సేథ్ వచ్చాడు.

“దొరసాని అడుగుతోంది, నీకు కాళ్ళు పడిపోయాయా అని.”

జీలకర్ర కేకు చేసుకుని వెళ్ళాను. ఆమె పొయ్యి దగ్గర ఎండిన కాళ్ళు చాపుకుని కూర్చుంది. నా కళ్ళల్లో నీళ్ళు చూసి విసుక్కుంది.

“కేకు తెచ్చావా, ఏడవడానికొచ్చావా? ముందు కొయ్యి.”

కోశాను. రెండు ముక్కలు తిన్నాక అంది, “మీ నాన్న వెళ్ళిన రోజు కిటికీ దగ్గరే ఉన్నాను విన్నీ. పేటిక నేలకి తగిలింది చూశాను. అంతకుముందే హ్యూతో అన్నాను, వదిలెయ్యండి, పోతే పోయింది దారి అని. ఒక్కసారి అన్నాను. రెండోసారి అనుండాల్సింది. అనలేదు.”

“అది మీ చేతుల్లో లేదమ్మగారూ.”

“నోరుందిగా. అందుకే ఆ తర్వాత సేథ్ కనిపించినా హ్యూకి చెప్పలేదు. అంతమాత్రం చేశాను.”

అప్పటినుంచి ప్రతి గురువారం వెళ్ళేదాన్ని. ఇంటి సంగతి ఎప్పుడూ ఎత్తలేదు ఆమె. ఒక్కసారి మాత్రం, మూడో ఏడు చలికాలంలో, మంచం మీద పడుకుని అడిగింది.

“మా వాళ్ళంతా చర్చిలోనే ఉన్నారు. హాల్లోంచి అయితే ముంగిలి దాటితే చాలు. ఇక్కడినుంచి నన్ను ఎటు తీసుకెళ్తారు? చుట్టూ తిప్పుతారా?”

“గేటులోంచి తీసుకెళ్తామమ్మగారూ.”

“ఊళ్ళోవాళ్ళు ఒప్పుకుంటారా? అన్నేళ్ళు వాళ్ళ శవాల్ని తిప్పాం.”

“అది ఊరి దారి. మీరు ఈ ఊరివాళ్ళేగా.”

ఆమె దుప్పటి సర్దమంది.

మార్చి మొదట్లో పోయింది. గేటుకి రోజూ ఒక రెక్కే తీసేవాళ్ళం. పేటికకి రెండూ కావాలి. రెండో రెక్క తుప్పుపట్టి బిగుసుకుపోతే, సేథ్, నేను తెల్లారేదాకా ఆగి నూనె పోసి కిందామీదా పడి లాగాం. వాడు నాలికమీదకొచ్చిన మాట మింగేశాడు. ఆ రోజుకి వదిలేశాడు నన్ను.

జైల్స్, సేథ్ మేనల్లుడు, ఇంకో ఇద్దరు మోశారు. గేటు దాకా వచ్చి నలుగురూ ఆగిపోయారు. వెనక ఊరంతా ఆగింది. ఎవరూ ఆగమనలేదు. తాళం లేదు, గొలుసు లేదు, మూడేళ్ళుగా ఆ దారి వాళ్ళదే. అయినా పేటికతో ఆ గేటు దాటడం వాళ్ళకి చేతకాలేదు, నా వైపు చూస్తున్నారు. అడ్డంగా నిలబడి తిప్పి పంపేది టకెట్లే కదా.

“రండి” అన్నాను. పక్కకి తప్పుకుని ఇంకోసారి అన్నాను. “లోపలికి రండి.”

నడిచాం. గడ్డి తడిగా ఉంది. పావుగంట కూడా పట్టలేదు. ఆ పావుగంట నాన్నకి ఇవ్వలేకపోయాను. చర్చి గుమ్మం పక్కన ఆయన సమాధి దాటుతుంటే నాకు దుఃఖం ఆగలేదు. సేథ్ పక్కకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు, ఎవరి కోసం ఏడుస్తున్నావని అడగలేదు.